ఏడో అధ్యాయంలోని ప్రార్థన

కాలేజీ లైబ్రరీ నుంచి,
వానలు మొదలైన వారం

తమ్ముడికి,

నువ్వు పంపిన ఐదు, ఆరు అధ్యాయాలు అందాయి. కాలేజీ ప్రెస్సు వాళ్లు అప్పుడే అచ్చు తీసి, ప్రూఫులు నా బల్ల మీద పడేసి పోయారు. లైబ్రరీలో ఈ మధ్య మనుషులు తక్కువ, దుమ్ము ఎక్కువ. కాబట్టి దిద్దడానికి నాకు తీరికే తీరిక. పెళ్లి చేసుకోరా అంటే పుస్తకం రాస్తానన్నావు. ఇన్నేళ్లకి కాలేజీ ఏడాది సెలవిచ్చి పంపాక దానికైనా ముహూర్తం కుదిరింది, సంతోషం.

సమర్పణ రోజు దగ్గర పడుతోందని ప్రిన్సిపాల్ గారు రోజూ గుర్తు చేస్తున్నారు. ఈ ఏడాది మన అధ్యాపకులు రాసినవీ గీసినవీ కట్టినవీ చాపెల్ బల్ల మీద వరసగా పేర్చే పని నాకే అంటగట్టారు. జంతుశాస్త్రం మేడం నత్తల మీద వ్యాసం రాసింది. డ్రాయింగ్ మాస్టారు మళ్లీ పడవలే వేశాడు. పోయినేడు లెక్కల మాస్టారు భిన్నాల పుస్తకం మీద చెయ్యి పెట్టి, గొంతు వణుకుతూ, "ఇది నేను నమ్మి చేశాను" అంటే వెనక వరసలో పిల్లలు పాటల పుస్తకాల్లో మొహాలు దాచుకున్నారు. నువ్వూ నవ్వావు, నేను చూశాను. ఈసారి నీ వంతు. ప్రార్థన మీద పుస్తకం రాసినవాడు నిలబడి ఆ మాట అంటే ఎవరూ నవ్వరు. ఆ మాట వినడానికే నేను ఇంకా కాళ్లీడ్చుకుంటూ తిరుగుతున్నాననుకో.

మీ బావ అలాగే ఉన్నారు. కుడి పక్క కదలదు, మాట లేదు. సాయంత్రమైతే చాలు, దుప్పటి లాగేస్తూ, మూలుగుతూ, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నన్ను చంపుకుతినేవారు. ఇప్పుడో కొత్త సంగతి. ప్రూఫులు ఇంటికి తెచ్చుకుని పైకి చదువుతూ దిద్దుతున్నాను, తప్పులు కంటికన్నా చెవికి తొందరగా దొరుకుతాయని. నేను చదువుతున్నంతసేపూ ఆయన ఊరుకుంటున్నారు. పెళ్లయినప్పట్నుంచీ నేను నోరు తెరిస్తే పేపరు అడ్డం పెట్టుకున్న మనిషి! నీ పుస్తకం చదివితే మాత్రం కళ్లు తిప్పకుండా వింటున్నారు. ఏడో అధ్యాయం త్వరగా పంపు. నీకోసం కాదు, నాకోసం.

ప్రార్థనలతో,
అక్క


అద్దె గది నుంచి

అక్కా,

ఏడో అధ్యాయం దీంతో పాటే పంపుతున్నాను. ఎనిమిదోది, అదే చివరిది, ఇంకా కాలేదు. తొందరపెట్టొద్దు.

నా గది కింద కళ్లద్దాల కొట్టు. అక్షరాలు పెద్దవి నుంచి చిన్నవయ్యే ఆ చార్టు ఒకటి కొట్టు వాకిట్లోనే వేలాడుతుంది. మెట్లు దిగినప్పుడల్లా అలవాటుగా చదువుతాను. అడుగు వరస ఇంకా కనిపిస్తూనే ఉంది. అంతకు మించి ఇక్కడ గొప్ప సంగతులేం లేవు. పొద్దున పెద్ద లైబ్రరీకి వెళ్తాను, కిటికీ పక్కన కూర్చుంటాను, మూసేసే వేళకి వెళ్లగొడతారు. నీ ఉద్యోగం చేసేవాళ్లు ఎక్కడైనా ఇంతే.

బావకి నా పుస్తకం చదువుతున్నావా? అది పాఠం చెప్పుకోవడానికి రాసింది. జబ్బు మనిషికి పనికొచ్చేదేమీ అందులో లేదు. ఆయనకి అపరాధ పరిశోధన నవలలు ఇష్టం కదా, అవి చదివి చూడు. హంతకుడెవరో తెలుసుకోవాలని ఊరుకుంటారు.

సమర్పణ రోజుకి వస్తానో రానో ఇప్పుడే చెప్పలేను.

ఉంటాను,
తమ్ముడు


ఇంటి నుంచి, మీ బావ మంచం పక్కనుంచే

తమ్ముడికి,

ముందుగా నిన్ను తిట్టాలి. ఉత్తరం చివర "ఉంటాను" అని రాశావేమిటి? హాస్టల్లో చేరినప్పుడు రాసిన మొదటి ఉత్తరం నుంచీ "ప్రార్థనలతో" అనే రాసేవాడివి. జ్వరంగా ఉందా? తిండి సరిగ్గా తింటున్నావా? రానో వస్తానో అంటావేమిటి, నీ పుస్తకం మీద చెయ్యి ఎవరు పెడతారు, ఆ కళ్లద్దాల కొట్టువాడా?

సరే, అది వదిలేస్తాను. ఎందుకంటే చెప్పాల్సింది వేరే ఉంది. ఏడో అధ్యాయంలో, ప్రార్థన చేయలేనివాళ్ల గురించి రాస్తూ, మధ్యలో "ఒక పురాతన ప్రార్థన" అని ఒకటి పెట్టావు. అది చదివాను. నీకు మళ్లీ రాసి చూపిస్తున్నాను, నాకు రాయాలనిపిస్తోంది:

"ప్రభువా, నా చేతులు పైకి లేవడం లేదు. నీవే కిందికి వంగుము. నా నోరు తెరుచుకోవడం లేదు. నీవే లోపలి నుంచి మాటాడుము."

చదివి తలెత్తి చూస్తే మీ బావ కళ్లవెంట నీళ్లు. ఎప్పుడూ ఏడ్చే ఏడుపు కాదు. మళ్లీ చదవమని మంచం పట్టీ మీద వేళ్లతో కొట్టారు. చదివాను. మళ్లీ కొట్టారు. ఒరేయ్, ఈ మనిషి జబ్బుపడ్డాక తనకేం కావాలో నాకు తెలియజెప్పడం ఇదే మొదటిసారి. అప్పట్నుంచీ రోజూ అదే. ఆ నాలుగు మాటలూ విన్నాకే నిద్రపోతున్నారు. నేనూ అవి అనుకునే నిద్రపోతున్నాను. నువ్వు పక్కన ఉంటే కాళ్లకి దండం పెట్టేదాన్ని, నాకన్నా చిన్నవాడివైనా.

ఇక పని మాట. దానికి ఫుట్‌నోట్ లేదు. చాకలి పద్దుకి కూడా మూలం చూపించే మనిషివి, ఇది ఎలా మర్చిపోయావు? ఎవరిది, ఏ సంపుటంలోది? నేను లైబ్రరీలో ప్రార్థనల అర మొత్తం దించి వెతికాను. తుమ్ములు తప్ప ఏమీ దొరకలేదు. పాస్టర్ గారిని అడిగితే ఆయనకీ తెలియలేదు కానీ, విని కదిలిపోయి, చాపెల్ బోర్డు మీద రాయించారు. సంగీతం టీచరమ్మ అక్కడ చూసి బాణీ కట్టింది. ఈ ఏడాది తన సృజనాత్మక కృషి అదేనని నా దగ్గర నమోదు కూడా చేయించుకుంది. పాపం, మూడేళ్లుగా ఆమె బల్ల మీద ఏమీ పెట్టలేక తలొంచుకుని కూర్చుంటోంది కదా, ఇప్పుడు మొహం వెలిగిపోతోంది. మూలం వెంటనే రాయి.

ప్రార్థనలతో,
అక్క


అద్దె గది నుంచి

అక్కా,

ఆ ప్రార్థన తీసేయ్. దాని ముందు పేరా, తరవాత పేరా కలిపేస్తే సరిపోతుంది, అర్థం చెడదు. మూలం దొరకదు. ఇంకెక్కడా వెతకొద్దు. సంగీతం టీచరుగారికి వేరే ఏదైనా ఎంచుకోమని మెల్లగా చెప్పు. బోర్డు తుడిచేయమను.

జ్వరం లేదు. తింటున్నాను.

తమ్ముడు


లైబ్రరీ నుంచి

తమ్ముడూ,

తీసేయమంటే ఎక్కడి నుంచి తీసేయనురా? ప్రూఫులోంచి తీసేస్తాను, గీత కొడితే పోతుంది. బోర్డు తుడిచేస్తారు. కోరస్ పిల్లల నోట్లోంచి ఎవరు తీస్తారు? హాస్టల్ మెట్ల మీద, బట్టలు ఆరేసే చోట, ఎక్కడ చూసినా అదే పాడుతున్నారు. సంగీతం టీచరమ్మ నా దగ్గరికొచ్చి, "మీ తమ్ముడు గారు ఇది వెతికి ఇవ్వకపోతే నాకు మళ్లీ బాణీ వచ్చేది కాదండీ" అని చేతులు పట్టుకుంది. మెల్లగా ఏం చెప్పమంటావు ఆమెకి?

మీ బావ నుంచి ఎలా తీయాలో అది కూడా నువ్వే చెప్పు.

మూలం దొరకదంటావు. దొరకనిది నీకెలా దొరికింది? ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు కూడా అంతే, నేరం చేశాక తిన్నగా, ముక్తసరిగా మాట్లాడేవాడివి. ఎవరిదో పుస్తకంలోంచి చెప్పకుండా తీసుకున్నావా? తీసుకుంటే తీసుకున్నావు, ఇప్పటికైనా వాళ్ల పేరు వేద్దాం, సిగ్గేముంది? ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు పేరు కావాలి. ఫుట్‌నోట్ ఖాళీగా వదిలి నేను ఇంతవరకు ఏ పుస్తకమూ అచ్చుకి పంపలేదు.

అక్క


అద్దె గది నుంచి

అక్కా,

పేరు అడిగావు. నాదే.

ఏ పుస్తకంలోంచీ తీసుకోలేదు. ప్రార్థన చేయలేనివాళ్లు చేసిన ప్రార్థన ఒకటి ఉదాహరణగా ఉంటే బాగుంటుందని ఆ చోటు ఖాళీగా ఉంచుకున్నాను. ఇక్కడి లైబ్రరీలో వెతికాను. ఉన్నవన్నీ పొడుగ్గా ఉన్నాయి, లేకపోతే చప్పగా ఉన్నాయి. ఒక మధ్యాహ్నం గదిలో కూర్చుని నేనే రాసేశాను. చదువుకుని బాగుందనుకున్నాను. "మాట్లాడుము" తీసి "మాటాడుము" చేశాను, పాతదనం వస్తుందని. పైన "ఒక పురాతన ప్రార్థన" అని పెట్టాను, పాతదంటే గౌరవంగా చదువుతారని. తరవాత కిందికి వెళ్లి టీ తాగాను. జరిగింది ఇంతే. పాతికేళ్లుగా పిల్లలకి మూలం లేకుండా ఒక్క ముక్క రాయొద్దని చెప్పినవాణ్ణి.

ఇది అబద్ధపు ఉల్లేఖన, పండితుడు చేయకూడని తప్పు, అక్కడితో ఆగితే నీకు ఎప్పుడో రాసేవాణ్ణి. తిట్లు తిని ఊరుకునేవాణ్ణి. అసలు సంగతి చెప్పడానికి చెయ్యి రావడం లేదు. అక్కా, నేను నమ్మడం లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. చొక్కా రంగు ఏ ఉతుకులో వెలిసిందో చెప్పగలమా? ఇక్కడికొచ్చిన కొత్తలో రాయడానికి కూర్చునే ముందు మోకరించేవాణ్ణి. మోకరించి, ప్రార్థిస్తూ, వాక్యం దిద్దుకుంటున్నానని ఒకరోజు గమనించాను. ఈ మాట కన్నా ఆ మాట బాగుంటుంది, ఇక్కడ ఆగితే లయ కుదురుతుంది, ఇదీ నా ధ్యాస. అవతల వినేవాడు ఉన్నాడన్న స్పృహే లేదు. మానేసి చూశాను, ఏ లోటూ తెలియలేదు. అదే నన్ను భయపెట్టింది. ఆరో అధ్యాయం, ఏడో అధ్యాయం ఆ తరవాత రాసినవే. పని తెలిసినవాణ్ణి కాబట్టి బాగానే వచ్చాయి.

"పిచ్చివాడా, చేతులు లేవడం లేదని రాయడమే ప్రార్థన కదరా" అంటావు. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన విద్యార్థులకి నేనూ అదే చెప్పేవాణ్ణి. మంచి జవాబు. నా మీద పనిచేయలేదు.

బావ దాన్ని పట్టుకుని నిద్రపోతున్నారని నువ్వు రాసిన ఉత్తరం చదివాకే దాన్ని తీసేయమన్నాను. సమర్పణ రోజున నిలబడి ఆ మాట అనలేను. ఈ పుస్తకం కోసమే సెలవిచ్చారు కాబట్టి, అనకపోతే ఉద్యోగం ఉండదు, క్వార్టర్సు ఉండదు, తెలుసు. వాటికన్నా నువ్వు ముందు వరసలో కూర్చుని ఉంటావన్నదే నాకు ఎక్కువ భయం.

తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. రాసి చింపాను.

నేను అనబోయిన మాట ముందే నా నోట్లోంచి లాగేసుకున్నావు. ఇక నా దగ్గర ఏముంది చెప్పు? పాస్టర్ గారిలా వాదించడం నాకు రాదు. నీకు దేవుడు లేడనిపిస్తే అది నీకూ ఆయనకూ మధ్య. ఏడుస్తాను, నీకోసం అడుగుతాను, అంతకన్నా చేయగలిగింది లేదు. కానీ ఆ మాటల వెనక ఎవరూ లేరని నాకెందుకు చెప్పావురా? నోరు మూసుకుని "మూలం అజ్ఞాతం" అని రాసి పంపితే నీ సొమ్మేం పోయేది?

అడిగింది నేనే, తెలుసు. అక్కడికీ నువ్వు వద్దంటూనే ఉన్నావు. ఒక ఫుట్‌నోట్ కోసం నా కొంప నేనే కూల్చుకున్నాను.

నిన్న సాయంత్రం మీ బావకి చదివాను. ఇదివరకు ఆ మాటలు చదువుతుంటే ఎప్పటివాడో, ఎక్కడివాడో, మాలాగే మంచాన పడినవాడు ఒకడు ఇవే మాటలు పలికి ఒడ్డున పడ్డాడనిపించేది. నిన్న టీ గ్లాసుతో నువ్వు కనిపించావు. వాక్యం మధ్యలో ఆగిపోయాను. ఆయనకి అనుమానం రాకుండా దగ్గు వచ్చినట్టు నటించాను.

నేనూ ఒకటి దాచాను. మీ బావ ఇక లేవరని, మాట రాదని, ఉన్నన్నాళ్లు ఇంతేనని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. రాత మానేసి పరిగెత్తుకొస్తావని నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకంటే ఏడో అధ్యాయం అయిపోయింది, చివరి కాగితం తిరగేస్తే వెనక ఇంకేమైనా ఉందా అని ఆయన కళ్లతో వెతుకుతున్నారు. ఎనిమిదోది రాసి పంపు. నమ్మి రాయమని అడగడం లేదు. నమ్మకుండానే ఏడోది రాశావు కదా, దీన్నీ అలాగే రాయి. నీకు చేతనైన పనే అడుగుతున్నాను. ఆయన కోసం రాయి.

అక్క


అద్దె గది నుంచి

అక్కా,

కూర్చున్నాను. రోజూ కూర్చుంటున్నాను. రావడం లేదు.

ముందు నాకే అర్థం కాలేదు, అంత తేలిగ్గా వచ్చినది ఇప్పుడెందుకు రాదని. నువ్వు నమ్మి చదువుతావని తెలుసు కాబట్టి రాయగలిగానేమో. ఒక వాక్యం రాస్తే, అక్క ఇక్కడ ఆగుతుంది, ఇక్కడ తలాడిస్తుంది అనుకుంటూ రాసేవాణ్ణి. ఇప్పుడు నువ్వు నన్ను చూస్తూ చదువుతావు. బావ కోసం ఒక్క పేజీ, ఒక్కటంటే ఒక్క పేజీ రాద్దామన్నా, పెట్టిన ప్రతి మాటా నన్ను చూసి నవ్వుతోంది. నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, అది ఇంకా భరించలేను.

పుస్తకం వెనక్కి తీసుకుంటున్నానని ప్రిన్సిపాల్ గారికి రాశాను. పూర్తి కాలేదని మాత్రమే రాశాను. సంగీతం టీచరుగారి పాట జోలికి పోలేదు. నిజం చెప్పి ఆమె బతుకు పాడుచేయాలో, చెప్పకుండా ఆ అబద్ధాన్ని అందరిచేతా పాడించాలో నాకు తేలలేదు. నువ్వు ఏం చేసినా సరే.

బావకి నా బదులు ఏం చెబుతావు?

తమ్ముడు


లైబ్రరీ నుంచి, సమర్పణ రోజు మర్నాడు

తమ్ముడూ,

నిన్న అయిపోయింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబుదామని సంగీతం టీచరమ్మ గది దాకా వెళ్లాను. ఆమె ఆరోజు కట్టుకునే చీర ఇస్త్రీ చేసుకుంటూ అదే పాట పాడుకుంటోంది. పుస్తకం ఏదో తిరిగివ్వలేదని గుర్తు చేయడానికొచ్చానని చెప్పి వెనక్కి వచ్చేశాను.

మీ బావని చక్రాల కుర్చీలో ముందు వరసలోకి తెచ్చారు. ఆయన రావాలని పాస్టర్ గారు పట్టుబట్టారు, వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. నత్తలయ్యాయి, పడవలయ్యాయి. నీ పుస్తకం కోసం ఉంచిన చోట పూలకుండీ పెట్టారు. సంగీతం టీచరమ్మ పాట కాగితం మీద చెయ్యి పెట్టి, "ఇది నేను నమ్మి చేశాను" అంది. ఆ మాట అబద్ధం కాదు. ఆమె నిజంగానే నమ్మింది.

పిల్లలు ఎత్తుకున్నారు. బాణీ బాగుంది, ఒప్పుకోక తప్పదు. "నా చేతులు పైకి లేవడం లేదు" అన్న చోట మీ బావ చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి. అది ఎప్పుడూ లేస్తుంది, దాంతోనే నా జుట్టు పట్టుకుని లాగుతారు కూడా. ఆ సంగతి వాళ్లకేం తెలుసు? ఎవరో కెవ్వుమన్నారు. పాస్టర్ గారు పాట ఆపించి, మోకరించి, అద్భుతం చూపించినందుకు స్తోత్రం అన్నారు. చాపెల్ మొత్తం ఏడ్చింది. అందరూ నావైపే చూశారు. లెక్కల మాస్టారు వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "మీ విశ్వాసమే అమ్మా" అన్నాడు. ఆ చెయ్యి బాగానే ఉంటుందండీ అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. తలాడించాను. తమ్ముడూ, ఆ చాపెల్లో నా అంత ఒంటరిది ఇంకెవరూ లేరు. నువ్వు అక్కడ ఉండి ఉంటే నాకు తోడు నువ్వైనా ఉండేవాడివి.

నీ ఉద్యోగానికి ప్రకటన వేస్తున్నామని ప్రిన్సిపాల్ గారు బయటికొచ్చాక నెమ్మదిగా చెప్పారు. క్వార్టర్సులో నీ సామాను నేను సర్దుతాను. రావాలనిపిస్తే మా ఇంటికే రా, ముందు గదిలో మంచం ఉంది. రాకపోయినా ఏమీ అనుకోను. నిన్ను నమ్మమని బలవంతం చేయలేను, నేను నీ మాట విననట్టు ఉండలేను.

మీ బావకి నీ బదులు ఏం చెబుతావని అడిగావు. పుస్తకం అక్కడితో అయిపోయిందని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. మొదటి నుంచి చదవమని చేత్తో చూపించారు. చదువుతున్నాను. ఏడో అధ్యాయం వచ్చేసరికి ఆయన మొహం విప్పారుతుంది. నేను అచ్చుతప్పులు చూసేదానిలా చదువుకుంటూ పోతాను. రాసినవాడికి నమ్మకం లేదు, చదివేదానికి పోయింది. ఆ నాలుగు మాటలూ నమ్ముతున్నది ఇప్పుడు ఆయనొక్కరే. వాటిలో ఏం దొరుకుతోందో నాకూ కాస్త చెప్పమని అడుగుదామంటే ఆయనకి మాట లేదు.

వేళవుతోంది, ఇంటికి వెళ్లి చదవాలి.

అక్క